నోమ్‌సాకు ఆగడం నేర్పిన శనివారాలు

1993 జూన్ 12, శనివారం. దక్షిణాఫ్రికాలో డర్బన్ రేవు పక్కన క్లెయిర్‌వుడ్‌లో మా డ్రైవింగ్ స్కూలు. తాతల నాడు చెరకు పనికి వచ్చిన తెలుగువాళ్ళం మేం. మావారు పోయాక తొమ్మిదేళ్ళుగా నేనొక్కదాన్నే నడుపుతున్నాను. కారు నేర్పేవాళ్ళు ఊరంతా ఉన్నారు. మోటార్ సైకిల్ నేర్పే ఆడమనిషిని మా చుట్టుపక్కల నేనొక్కదాన్నే. అప్పటికి నా వయసు యాభై రెండు. నా దగ్గర నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళు నూట నలభై ఒక్కరు. ప్రతివాళ్ళ పేరూ, పాఠాల తేదీలూ, బండి ఎన్నిసార్లు ఆగిపోయిందీ నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. ఈ లెక్కలన్నీ అందులోవే.

ఆ ఉదయం ఉంజింటో నుంచి టాక్సీలో వచ్చిన మనిషి నోమ్‌సా. వయసు ముప్ఫై నాలుగు. ఉంజింటో దాటి చెరకు తోటల వెనక కొండల్లో ఒక చిన్న క్లినిక్‌లో ఆవిడ పని. క్షయ రోగుల ఇళ్ళకు మాత్రలు తీసుకెళ్ళి, ఎదురుగా మింగించి రావాలి. మొత్తం ఇరవై మూడు ఇళ్ళు, ఇంటికి ఒక్క రోగి. ఎన్నికల ముందటి ఆ సంవత్సరం కొండల్లో రెండు రాజకీయ పక్షాల మధ్య చంపుకోవడాలు జరుగుతున్నాయి. బస్సులు ఆగిపోయాయి. నడిచి వెళితే రోజుకు ఏడిళ్ళు మించి అందేవి కావు. క్షయ మందులు నెలల తరబడి మానకుండా మింగాలి. మధ్యలో మానితే జబ్బు తిరగబెడుతుంది, తర్వాత అదే మందు పనిచేయకపోవచ్చు. క్లినిక్‌కు ఒక 125 సీసీ బండి అక్టోబరు నెలాఖరు దాకా వాడుకోమని ఇచ్చారు. ఆలోగా లైసెన్సు వస్తే బండి అక్కడే ఉంటుంది. రాకపోతే వేరే క్లినిక్‌కు వెళ్ళిపోతుంది.

"సైకిలు తొక్కావా ఎప్పుడైనా?" అని అడిగాను.

"లేదు, మా. గాడిద కూడా ఎక్కలేదు" అంది. వాళ్ళ భాష జులూలో పెద్దావిడను 'మా' అనే పిలుస్తారు. మేమిద్దరం సగం ఇంగ్లీషు, సగం జులూ మాట్లాడుకునేవాళ్ళం. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

నేను నేర్పే చోటు మా ఇంటి ఎదుటి ఖాళీ స్థలం. ఫ్యాక్టరీల కోసం అక్కడి ఇళ్ళు కూలగొట్టారు. గోడలు పోయాయి గాని సిమెంటు గచ్చులు మిగిలాయి. వాటి మీద సుద్దతో గీతలు గీసేదాన్ని. మొదటి గంట ఇంజను వెయ్యనివ్వను. బండిని పక్కన పట్టుకుని నడిపించాలి, బరువు ఎటు లాగుతుందో చేతులకు తెలియాలి. తర్వాత క్లచ్. ఎడమ చేతి కింది పిడిని మెల్లగా వదులుతుంటే ఒకచోట ఇంజను చక్రాన్ని పట్టుకుంటుంది. దాన్ని బైటింగ్ పాయింట్ అంటారు. అది దొరికేదాకా బండి కుదిపి ఆగిపోతూనే ఉంటుంది. నోమ్‌సాకు మొదటి రోజు పందొమ్మిదిసార్లు ఆగింది, రెండో శనివారం పదకొండు, మూడో వారానికి నాలుగు.

మూడో వారమే అసలు తప్పు బయటపడింది. మా అత్తగారు అప్పాయమ్మకు అప్పుడు ఎనభై నాలుగు. గచ్చు మూల కుర్చీ వేయించుకుని చూస్తూ కూర్చునేది. నోమ్‌సా చుట్టు తిరిగి ఆవిడ ముందుకు వచ్చిన ప్రతిసారీ కుడి చెయ్యి పైకెత్తేది. మోటార్ సైకిల్‌కు కుడి చేతిలోనే థ్రాటిల్, అంటే ఇంజనుకు పెట్రోలు పెంచే పిడి. ముందు బ్రేకు కూడా అక్కడే. ఆ చెయ్యి వదిలితే థ్రాటిల్ మూసుకుపోతుంది, బండి ముక్కు వంచినట్టు జర్కు ఇస్తుంది. మలుపులో అయితే పడిపోతుంది. రెండుసార్లు పడింది.

"చెయ్యెందుకు వదిలావు?"

"గోగో కూర్చుని ఉంది కదా, మా. చూడనట్టు ఎలా పోను?" గోగో అంటే అమ్మమ్మ.

"ఎనిమిది చుట్లు తిరిగావు. ఎనిమిదిసార్లూ దణ్ణమేనా?"

"ఎనిమిదిసార్లూ ఆవిడ నన్ను చూసింది మరి."

తప్పనిసరైతే ఎడమ చెయ్యి ఎత్తమన్నాను. బండి గేరులో పడి సాగుతున్నప్పుడు ఎడమ చేతికి పని ఉండదు. నోమ్‌సా ముఖం ముడుచుకుంది. జులూలకు కూడా మనలాగే ఎడమ చెయ్యి మర్యాద కాదు. ఆవిడ ఎడమ చెయ్యి ఎత్తి వెళ్ళగానే అత్తగారు నా మీద పడింది.

"ఏటే ఇది, పెద్దోళ్ళకి ఎడంసేత్తో దణ్ణవా? ఆ పిల్లకి బుద్దుంది, సెప్పేదానికి నేదు."

"బండికి చేతులు రెండే అత్తా. కుడిది వదిలితే పడుతుంది."

"అయితే ఆగి ఎట్టమను. ఏం, రైలా అది, ఆగకపోడానికి?"

ఆ మాట విన్నాను, పట్టించుకోలేదు. నా పద్ధతిలో మంచి రైడర్ అంటే ఆగకుండా, కాలు కింద పెట్టకుండా సాగేవాడు. నూట నలభై ఒక్కరికీ అదే నేర్పాను. నోమ్‌సాకు కూడా మరో రెండు వారాలు అదే నేర్పాను. అప్పటికే ఆవిడ చేతిలో లెర్నర్స్, అంటే నేర్చుకునేవాళ్ళకిచ్చే తాత్కాలిక లైసెన్సు ఉంది. వారంలో మిగతా రోజులు కొండల్లో బండి తోలుతూనే ఉంది.

జులై 17న రాలేదు. క్లినిక్‌కు ఫోన్ చేస్తే, 14న పడిందనీ కాలర్ ఎముక విరిగిందనీ చెప్పారు.

ఆగస్టు 28న వచ్చింది. ఎడమ భుజం కాస్త కిందికి దిగి ఉంది. బండి దగ్గరకు వెళ్ళకుండా గచ్చు అంచున కూర్చుని జరిగింది చెప్పింది.

"నీళ్ళ కుళాయి దగ్గర మలుపుంది, మా. కుర్రాళ్ళు కూర్చున్నారు, వాళ్ళతో ఒక ముసలాయన. నువ్వు చెప్పినట్టే ఎడమ చెయ్యి ఎత్తాను. ఆగలేదు."

"ఊఁ."

"ఇప్పుడు మా కొండల్లో చెయ్యంటే దణ్ణం కాదు. పిడికిలి పట్టి ఎత్తితే ఒక పక్షం, అరచెయ్యి తెరిచి ఎత్తితే ఇంకో పక్షం. హెల్మెట్‌లో నా ముఖం వాళ్ళకు కనబడలేదు. చెయ్యొక్కటే కనబడింది, అవతలి పక్షమనుకున్నారు. రాయి వచ్చి హెల్మెట్‌కు తగిలింది."

"తర్వాత?"

"చంపడానికే పరుగెత్తుకొచ్చారు. హెల్మెట్ లాగితే ఆడమనిషిని. ఒకడు గుర్తుపట్టి 'ఇది మాత్రల నోమ్‌సా కదరా' అన్నాడు. ఆ రాళ్ళ చేతులతోనే నన్ను క్లినిక్‌కు మోశారు. ముసలాయన మాత్రం కదల్లేదు. 'పలకరించకుండా పోయేదానివి కాదే నువ్వు' అన్నాడు. రాయి కంటే అదే ఎక్కువ తగిలింది" అంది.

ఆ చెయ్యి ఎత్తమన్నది నేను. ఆ మాట ఆవిడతో అన్నాను. ఆవిడ ఈ ఆరు వారాలూ చెయ్యి మెడకు కట్టుకుని దగ్గరి ఏడిళ్ళకు నడిచి వెళ్ళానని చెప్పింది. మిగతా పదహారు ఇళ్ళవాళ్ళకు ఎవరో ఒకరి చేత మాత్రలు పంపింది. వాళ్ళు మింగారో లేదో చూసినవాళ్ళు లేరు.

ఆ రోజు సుద్ద గీతలన్నీ నీళ్ళు పోసి కడిగేశాను. మొదటినుంచీ వేరే పాఠం మొదలుపెట్టాను. సాగడం కాదు, ఆగడం. థ్రాటిల్ మూయాలి, రెండు బ్రేకులూ మెత్తగా కలిపి నొక్కాలి, క్లచ్ పట్టి గేరు మొదటిదానికి దించాలి, ఎడమ కాలు నేల మీద ఆనాలి. అప్పుడు న్యూట్రల్, అంటే ఏ గేరూ పట్టని స్థితి. ఇంజను ఆపాలి. హెల్మెట్ తియ్యాలి. ముఖం చూపించి, నోటితో పలకరించి, జవాబు విని మళ్ళీ బయలుదేరాలి. కొండ దారి కాబట్టి ఏటవాలు మీద కూడా ఆగి కదలాలి. దానికోసం రేవు వైపు వెళ్ళే పాత ర్యాంపు మీదికి తీసుకెళ్ళాను. అక్కడ వెనక బ్రేకు మీద కుడి పాదం ఉంచి, బైటింగ్ పాయింట్ దొరికాకే పాదం తీయాలి. ఒక్క క్షణం ముందు తీస్తే బండి వెనక్కి దొర్లుతుంది.

దణ్ణం పెట్టించుకునే పెద్దమనిషి మా అత్తగారే. కుర్చీ ఒకచోట ఉంచకుండా మార్చేదాన్ని. ఆవిడ నోమ్‌సాను తేలిగ్గా వదిలేది కాదు. నోమ్‌సా హెల్మెట్ తీయగానే, "అన్నం తిన్నావేటి? పిల్లలెలాగున్నారు? ఆ భుజం ఇంకా నొప్పేనా?" అని తెలుగులో వరసగా అడిగేది. నోమ్‌సా ప్రతిదానికీ జులూలో జవాబు చెప్పేది. ఒకరి భాష ఒకరికి రాదు.

"త్వరగా కానీ, అత్తా. టైము రాసుకుంటున్నాను."

"రాసుకో. ఆళ్ళ ముసిలోళ్ళు ఇంతకంటే ఎక్కువే అడుగుతారని ఆ పిల్లకి సెప్పు."

నోమ్‌సాకు చెప్పాను. "నిజమే, మా. కొందరు కోడిపెట్టల గురించి కూడా అడుగుతారు" అంది.

సెప్టెంబరు 4న ఒక్క ఉదయంలో నలభై ఎనిమిదిసార్లు ఆగి కదిలింది. తొమ్మిదిసార్లు ఇంజను చచ్చింది. 25న యాభై రెండుసార్లు ఆగింది. ఒక్కసారీ చావలేదు. అక్టోబరు 5న టెస్టు పాసయింది. బండి క్లినిక్‌లోనే ఉండిపోయింది.

అక్టోబరు 9న ఆవిడతో రౌండుకు నేనూ నా బండి మీద వెళ్ళాను. ఏ విద్యార్థి వెనకా అలా వెళ్ళలేదు. వెళ్ళాలనిపించింది. చెరకు కోసిన ఎర్రమట్టి దారులు. ఇరవై మూడు ఇళ్ళకు ముప్ఫై ఒక్కసార్లు ఆగింది. కుళాయి మలుపు దగ్గర ఆ ముసలాయనా కుర్రాళ్ళూ కూర్చుని ఉన్నారు. నోమ్‌సా ఆగి, ఇంజను ఆపి, హెల్మెట్ తీసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ముసలాయనను పలకరించింది. ఆయన చాలాసేపు ఏదో అడిగాడు. తర్వాత నన్ను చూపించి ఎవరని అడిగాడు.

"నాకు బండి నేర్పిన మనిషి, తాతా."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. నా హెల్మెట్ ఇంకా తలమీదే ఉంది. గబగబా తీశాను.

"ఈవిడకు ఇంకా సరిగ్గా రానట్టుంది" అన్నాడు. కుర్రాళ్ళు నవ్వారు.

ఆ ఇరవై మూడు మందిలో ఇరవై ఒక్కరు మందు పూర్తి చేశారు. ఒకాయన జబ్బుతోనే పోయాడు. ఒకామె ఇల్లు కాలిపోయింది, ఎటు వెళ్ళిందో నోమ్‌సాకు తెలియలేదు. నా వల్ల పోయిన ఆ ఆరు వారాలను ఈ ఇద్దరిలో ఎవరి లెక్కలో వేసుకోవాలో నాకు తేలలేదు.

2006లో స్కూలు మూసేశాను. ఆ మధ్య పదమూడేళ్ళలో మరో ఎనభై ఆరుగురికి నేర్పాను. మొదటి రోజు బండి తాకనిచ్చే ముందు ప్రతివాళ్ళనూ ఒకటే అడిగేదాన్ని, నువ్వు తోలబోయే దారి మీద ఎవరెవరు కూర్చుని ఉంటారని. చాలామంది తెలియదనేవాళ్ళు. వెళ్ళి చూసి రమ్మని పంపేదాన్ని.