బొమ్మలింటి తోరణం

ఆమదాలవలస రైసుమిల్లులో ముప్పై ఏళ్లు కాటా దగ్గర నిలబడ్డ మనిషి జగన్నాధం. గింజ అటూ ఇటూ అయితే ఒప్పుకునేవాడు కాదు. పుర్రెకో బుద్ధి అన్నారు. అలాంటివాడు రిటైరయ్యాక ధాన్యం వదిలేసి గోరింటాకు పట్టుకున్నాడు. చేతులు పండించుకోవడానికి కాదు, బొమ్మలింటికి తోరణం కట్టడానికి.

ఆ ఇల్లు ఒకప్పటి టీవీ పెట్టె. చెక్క తలుపులది. టీవీ పాతసామాన్ల బండెక్కిపోయాక ఖాళీ పెట్టెలో అరుగు, వంటిల్లు, పెరడు అమర్చి మనవరాలికి ఇచ్చాడు. ఆ పిల్ల రెండు రోజులాడి, ఫోను చేతికి రాగానే మరిచిపోయింది. "అది ఎప్పుడొగ్గేస్తాదా అని కాసుకు కూకున్నాడు మా బావ," అని భార్య గౌరి ఇరుగుపొరుగును నవ్వించేది. మేనత్త కొడుకునే చేసుకుంది గనక ఆ మాత్రం చనువుంది.

అది మొదలు ఏ కాలానికా అలంకారం. ఎండలకు కొబ్బరి ఈనెల పందిరి. వానలకు సీసా మూతంత తాటాకు గొడుగు. దీపావళికి బఠాణీ గింజంత మట్టి ప్రమిదలు చేసి, దారప్పోగు వత్తులు వేసి, నిజంగానే వెలిగించాడు. బొమ్మలింటి వంటింటి చూరు అంటుకుంది. ఆ పూట అతనికి అన్నం సయించలేదు. ఇక ఉగాదికి లేత గోరింటాకులు. అచ్చం మామిడాకుల్లాగే ఉంటాయి, కాకపోతే వాటికి మునిమనవలు.

వీటన్నిటికీ తనిఖీ అధికారి అతని తల్లి కూర్మమ్మ. ఎనభై ఆరేళ్ల మనిషి. తననూ ఆ ఇంట్లో పెట్టమని పోరింది. పొందూరు ఖద్దరు పీలిక చుట్టి ముసలమ్మ బొమ్మను అరుగు మీద కూర్చోబెట్టేదాకా ఊరుకోలేదు. కూర్చోబెట్టాక అసలే ఊరుకోలేదు. పండగపూట కళ్లజోడు పెట్టుకుని తోరణం లెక్కబెట్టేది.

"ఒరే జగ్గా! మన గుమ్మానికి ఇరవయ్యొక్క ఆకు. నాకు పంతొమ్మిదే కట్టినావు. కాటాకాడా ఇలాగే తూసినావేటి?"

"గుమ్మం సిన్నదమ్మా, పట్టవు."

"ఇంత మనిషిని నాను పట్టినాను, రెండాకులు పట్టవేటి?"

ఏటా ఇదే తగువు. ఏటా పంతొమ్మిదే.

కిందటి కార్తీకంలో కూర్మమ్మ పోయింది. ఏడాది తిరిగేదాకా ఇంట్లో పండగ లేదు, గుమ్మానికి తోరణం లేదు. చుట్టాలు వెళ్లిపోయిన రోజు జగన్నాధం బొమ్మలింటి తలుపులు కూడా మూసేశాడు. ఒక కప్పు కింద రెండు లెక్కలుండవన్నాడు.

మూయడమైతే మూశాడు గానీ ఉండబట్టలేదు. ఉగాది దగ్గరపడి పెరట్లో గోరింట చిగిర్చింది. నీళ్లు పోసే మిషతో రోజుకు నాలుగుసార్లు దాని దగ్గరికి వెళ్లేవాడు. చేతులూరుకోక గౌరి పోపుల పెట్టె సర్దాడు. ఆవాలెక్కడున్నాయో ఆమెకు వారం దాకా దొరకలేదు. అసలు సంగతి, అతనికి అమ్మ మీద బెంగ. తలుపు తీస్తే అరుగు మీద ఆమే కనిపిస్తుంది. తీయాలంటే భయం, తీయకపోతే బాధ.

ఉగాది పొద్దున్న గౌరి ఆ తలుపులు బార్లా తెరిచేసింది.

జగన్నాధం అదిరిపడ్డాడు. "ఒసే, ఏటిది? ఏడాది తిరగనేదు. మైల కాదేటి?"

"ఎవులికి మైల?" కొంగుతో అరుగు మీద దుమ్ము దులిపి ముసలమ్మ బొమ్మను చూపించింది గౌరి. "ఈ ఇంట్లో అత్త పోనాది, నిజమే. ఆ ఇంట్లో సూడు బావా, బతికే ఉన్నాది గదా. పండగపూట గుమ్మం బోడిగా ఉంటే తిట్టదేటి?"

ముప్పై ఏళ్ల కాటా మనిషి ఈ లెక్క ఒప్పుకున్నాడు. కళ్లు తుడుచుకుని పెరట్లోకి వెళ్లాడు. తిరిగొచ్చి గంటసేపు సూదీ దారంతో కుస్తీ పట్టాడు. గుమ్మం నిజంగానే చిన్నది. ఆకులు ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి.

గౌరి గూట్లోంచి అత్త కళ్లజోడు తీసి పెట్టుకుని, వంగి, వేలు ఆనించి ఒక్కొక్కటే లెక్కబెట్టింది. ఇరవయ్యొకటి.

"పట్టినాయి గదా," అంది.