ఈడ నుంచి, ఆడికి

చెల్లెలింటికని మడకశిర వెళ్లిన ఆపా పోయిందని, అక్కడి ఫొటోగ్రాఫర్ అన్న ఫోన్ చేసి చెప్పాడు. "గుండెనొప్పి అనిందంట పాపా. ఆసుపత్రికి తీస్కపోతాంటే దావలోనే..." అన్నాడు. నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. అప్పుడు నా ఎదురుగా కంప్యూటర్లో ఎవరిదో మెమరీ కార్డు ఉంది. ఎంటర్ కొట్టబోయే నా చెయ్యిని ఇకమీదట ఎవరు పట్టుకుంటారు?

సోమందేపల్లె హైవే పక్కన ఆపాది ఫొటో ల్యాబ్, నేను అందులో పనిచేస్తాను. ఆపా అంటే అక్క, వయసు తేడా లేకుండా అందరికీ ఆపానే. డిజిటల్ కెమెరాలు వచ్చిన కొత్తలో ఒకసారి వైరస్ పడి కంప్యూటర్లో ఉన్న పెళ్లిళ్లన్నీ పోయాయి. ఆ దెబ్బకు ఆపా విండోస్ వదిలేసి, వైరస్‌లు అంతగా అంటని లినక్స్ పట్టుకుంది. బెంగళూరు నుంచి చవగ్గా తెచ్చే కార్డులను నమ్మేది కాదు. నిదానం కార్డయితే తాళి కట్టే సమయానికి కెమెరా బిగుసుకుపోతుంది. అందుకే చుట్టుపక్కల ఫొటోగ్రాఫర్లంతా ముహూర్తానికి ముందు కార్డుల వేగం చూపించుకోవడానికి మా దగ్గరికి వచ్చేవాళ్లు.

ఖాళీ కార్డయితే దాని నిండా సున్నాలు రాసి వేగం చూస్తాం. ఫొటోలున్న కార్డును చదివి మాత్రమే చూడాలి. రెండిటికీ కమాండ్ ఒకటే, అందులో ఇఫ్, ఆఫ్ అని రెండు మాటలు. "ఇఫ్ అంటే ఈడ, ఆఫ్ అంటే ఆడ. ఈడ నుంచి ఆడికి పోతాది. తిరగా మరగా కొడితివా, పెండ్లిలో సున్నాలే మిగుల్తాయి మే" అని నాకు నేర్పింది.

ఎంటర్‌కు ముందు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకోవాలి. ఆపా "యాడ నుంచి?" అని అడుగుతుంది, నేను లైను చూసి చెప్పాలి. "యాడికి?" అంటుంది, అదీ చెప్పాలి. "ఏమాపా, దీనికీ దువానేనా?" అని, ప్రార్థన చేస్తున్నట్టుందని మడకశిర అన్న ఎగతాళి చేసేవాడు.

ఆ అన్నే ఒక మధ్యాహ్నం బస్సు దిగి పరిగెత్తుకుంటూ వచ్చాడు. నల్లమాడ పెళ్లి ఫొటోలున్న కార్డును కెమెరా గుర్తుపట్టడం లేదు. "స్పీడు టెస్టు కొట్టాపా, బతికుండాదో లేదో తెలుస్తాది" అంటూ కార్డు గుచ్చి, మమ్మల్ని రోజూ చూసిన అలవాటుకొద్దీ ముందు కొట్టిన లైనును తిరిగి తెచ్చే పై బాణం తనే నొక్కేశాడు. పొద్దున ఖాళీ కార్డుకు కొట్టిన సున్నాల లైను తెరమీదికి వచ్చింది. అతని బొటనవేలు ఎంటర్ మీదికి పోతోంది. ఆపా ఒక్క ఉదుటున అతని మణికట్టు పట్టుకుంది. ఆపా చేతి గాజు చిట్లి కీబోర్డు మీద పడింది.

"నిండు కుండలో నీళ్లు పోసి కొలుస్తారా అన్నా?"

కార్డును ఇఫ్ వైపు పెట్టి, కంప్యూటర్లోకి చదవనిచ్చింది. ఇంతలో కరెంటు పోయింది. యూపీఎస్ కూత మొదలుపెట్టింది. కార్డు పక్కన ఎర్ర లైటు మిణుకుమంటూ, ఆగుతూ, మళ్లీ మిణుకుమంటూ ఉంది. ముగ్గురం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. ఫొటోలు వచ్చాయి. తర్వాత ఆపా ముందు పెట్టిన టీ అలాగే చల్లారిపోయింది.

"భయపడితివా ఆపా?"

"దినామూ పడతాండా మే. భయం పోయిన్నాడు అంగడి మూసేస్తా" అంది.

ఊరందరి ఫొటోలూ దాచిన మనిషికి తన ఫొటో ఒక్కటీ లేదు. కెమెరా ఎత్తితే అరచెయ్యి అడ్డం పెట్టేది. ఆపాకు మట్టి ఇచ్చి వచ్చిన మర్నాడు మడకశిర అన్న ఒక పాత కార్డు తెచ్చాడు. ఆపా తలొంచుకుని పని చేసుకుంటుంటే ఎప్పుడో తెలియకుండా తీశాడట. కార్డు ఇప్పుడు కెమెరాలో తెరుచుకోవడం లేదు.

గుచ్చాను. పై బాణం నొక్కాను. ఆపా ఊరికి వెళ్లేముందు కొత్త కార్డుకు కొట్టిన లైను వచ్చింది, సున్నాల లైను. ఆ లైను తుడిచేసి, చదివే లైను మొదటినుంచి టైపు చేసి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. అడిగేవాళ్లు లేరు. అలాగే కూర్చుండిపోయాను.

నా వెనకనుంచి అన్న గొంతు సవరించుకున్నాడు.

"యాడ నుంచి పాపా?"

"ఈడ నుంచి."

"యాడికి?"

"ఆడికి" అని ఎంటర్ కొట్టాను. ఎర్ర లైటు ఒకసారి వెలిగింది, ఆగింది. ఇద్దరం చేతులు ముడుచుకుని దానికేసి చూస్తున్నాం.