సగమే వచ్చిన కొలత

సాయంత్రం నాలుగుంపావుకు నా భార్య, ఈ పరాయి దేశంలో, బ్లాంచర్డ్స్‌టౌన్‌లోని మా వంటింటి బల్ల మీద తీగచుట్ట, దిక్సూచి, బ్యాటరీ సర్దింది. మెదడులో గడ్డ ఉందని డాక్టర్లు చెప్పాక, తన తెలివి ఇంకా నిలిచే ఉందో లేదో చూసుకోవడానికి తనే పెట్టుకున్న పరీక్ష అది. గుంటూరులో ఇంటర్ పిల్లలతో ఏళ్ల తరబడి చేయించిన ప్రయోగమే. చుట్టలోకి కరెంటు పంపి, సూది ఎంత తిరిగిందో చూసి, భూమి అయస్కాంత క్షేత్రాన్ని లెక్కకట్టాలి.

“కాస్త ఎడంగా నిలబడండి. జేబులో ఇనుప తాళాలుంటే సూది మీ వెంట పడుతుంది.”

“పోనీలే, సూదైనా నా వెంట పడనీ.”

నవ్వింది. కానీ లెక్క వేస్తే గుంటూరులో వచ్చేదాంట్లో సగమే వచ్చింది. మళ్లీ చేసినా అంతే.

“అయిపోయిందండీ, నా బుర్ర పోయింది,” అంది. ఆ తర్వాత ఆ సామాను ముట్టుకోలేదు.

ఆమె పోయాక, మా అమ్మాయి స్కూలు నుంచి అరువు తెచ్చిన దిక్సూచిని అక్కడే తిరిగి ఇచ్చాను. సంగతి విని ఫిజిక్స్ టీచరు ఓ కాగితం మీద గీసి చూపించారు. ఇంత ఉత్తరాన భూమి అయస్కాంత బలం చాలావరకు నేలలోకి వాలి ఉంటుందట. అడ్డంగా తిరిగే సూదికి ఇక్కడ అందేది గుంటూరులో అందేదాంట్లో సగమేనట. ఆమె కొలత సరైనదే.

ఆ మాట చెప్పడానికి ఇంట్లో ఆమె లేదు. ఆ బల్ల మీద ఇప్పుడు మేము ఏదీ కొలవం.