డ్రమ్ముల సత్తయ్యకు వేసిన దండ

ఒక ఆదివారం సాయంత్రం జూబ్లీ హిల్స్‌లో నేనొక్కదాన్ని ఒక పెద్ద సంగీత కచేరీని మొదలుకాకుండా కాసేపు ఆపేశాను. కరెంటు తీసేసి కాదు, బాంబు ఉందని ఫోను చేసి కాదు. భక్తితో, శ్రద్ధతో, నియమం తప్పకుండా ఆపాను. ప్రళయం రావాలంటే ద్వాదశాదిత్యులు ఒక్కసారిగా ఉదయించాలంటారు. మా తణుకు వాళ్ళకి అంత ఖర్చు అక్కర్లేదు, ఒక చామంతి దండ చాలు.

అప్పట్లో హైదరాబాదులో కంప్యూటరుకి దుమ్ము తుడిచిన వాళ్ళకి కూడా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఇస్తున్నారు. నాకూ ఇచ్చారు. మాదాపూర్‌లో ఆఫీసు, ఫిల్మ్ నగర్‌లో ఒక మేడ మీద అద్దె గది. ఫిల్మ్ నగర్ అనగానే మా ఊళ్ళో స్నేహితురాళ్ళు కుళ్ళుకున్నారు. హీరోలు పొద్దున్నే పాల ప్యాకెట్ల కోసం వీధిలోకి వచ్చి నన్ను పలకరిస్తారని వాళ్ళ ఊహ. నాకు కనబడేవి ఎత్తయిన గోడలు, నల్ల అద్దాల కార్లు, ఆ కార్లకు గేటు తీసి మళ్ళీ మూసే వాచ్‌మన్లు. అంతే.

శుక్రవారం సాయంత్రం ఆఫీసులో అందరూ ఒకరికొకరు "హ్యాపీ వీకెండ్" చెప్పుకుని ఎటెటో వెళ్ళిపోయేవారు. నేను గదికి వెళ్ళేదాన్ని. మళ్ళీ సోమవారం దాకా నేను మనుషులతో మాట్లాడే మాట ఒకటే, కర్రీ పాయింటు దగ్గర "ఒక పప్పు, ఒక వేపుడు" అని. ఒక్కోసారి గొంతు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి "పెరుగు కూడా" అనేదాన్ని. నవ్వకండి. ఇంటికి ఫోను చేసినప్పుడు "ఇక్కడ నాకు బోలెడుమంది ఫ్రెండ్స్ నాన్నా" అని చెప్పేదాన్ని. ఫోను పెట్టేశాక, ఆ బోలెడుమందిలో ఒక్కరి పేరన్నా తడుతుందేమోనని చాలాసేపు గోడకేసి చూస్తూ కూర్చునేదాన్ని.

అలాంటి రోజుల్లో మా టీమ్ లీడ్ శైలజ గారు నా సీటు దగ్గర ఆగారు.

"వసుంధరా, ఈ సండే ఖాళీయేనా?"

నా ఆదివారాలు ఎంత ఖాళీగా ఉంటాయంటే వాటిలో ప్రతిధ్వని వినిపిస్తుంది. అయినా కాస్త ఆలోచించినట్టు నటించి, "ఆఁ, సర్దుకుంటానండీ" అన్నాను.

"నర్సింగ్ అని ఒక మ్యూజిషియన్ ఉండేవాడు. పోయాడు పాపం. ఆయన ఫ్రెండ్స్ ట్రిబ్యూట్ చేస్తున్నారు. మాకు వెళ్ళడం కుదరట్లేదు, పాస్ ఉంది. నువ్వు వెళ్ళు, బావుంటుంది."

ట్రిబ్యూట్. శ్రద్ధాంజలి. ఇంకేం కావాలి? ఇక్కడ మా నాన్నగారి గురించి ఒక ముక్క చెప్పాలి. ఆయన హైస్కూల్లో తెలుగు మాస్టారు, ఊళ్ళో ఎవరు పోయినా సంతాప సభకు ఆయనే అధ్యక్షులు. ఇంట్లో ఎవరికైనా సీరియస్ అయితే ముందు డాక్టరుకి, తరవాత మా నాన్నకి కబురు వచ్చేది. గౌను తొడుక్కునే వయసు నుంచీ ఆయనకి దండ అందించిన చెయ్యి నాది. సంతాప సభలో ఎలా ఉండాలో నాకు ఒకరు నేర్పాలా? శైలజ గారు "బావుంటుంది" అన్నప్పుడైనా నాకు అనుమానం రావాలి. మంచి ఉపన్యాసకులు వస్తున్నారు కాబోలు అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ ఇచ్చిన తెల్ల చీర తీసి కట్టుకున్నాను. టోలిచౌకి వెళ్ళి పూల దుకాణం ముందు నిలబడ్డాను. దుకాణంలో ఆవిడ, "దేనికమ్మా? పెండ్లికా, పోయినోళ్ళకా?" అని అడిగింది.

"పోయినవారికండీ."

"దగ్గరోళ్ళా?"

ఎవరో నన్ను అలా కుదురుగా అడిగి ఎన్నాళ్ళయిందో. కాదని చెప్పడానికి మనసొప్పలేదు. తల ఊపాను. ఆవిడ "అయ్యో పాపం" అని పెద్ద తెల్ల చామంతి దండ ఒకటి తీసి చుట్టి ఇచ్చింది. దాన్ని ఆటోలో ఒళ్ళో పెట్టుకుంటే పసిపిల్లంత ఉంది.

జూబ్లీ హిల్స్‌లో ఒక రెస్టారెంటు వెనక పచ్చిక మైదానం, దాని వెనక పేల్చకుండా వదిలేసిన పెద్ద బండరాళ్ళు. సభ అక్కడే. గేటు దగ్గర దిగి చూస్తే జనమంతా నల్ల టీషర్టుల్లో ఉన్నారు. నల్ల జెండాలు చూశాను గానీ నల్ల టీషర్టుల సంతాపం చూడలేదు. నగరం వాళ్ళ పద్ధతి కాబోలు. కాకుల గుంపులో కొంగలాగా నేను చీర సర్దుకుంటూ నడిచాను. లోపల ఎవరో గిటారు తీగెల్ని చెవులు పిండినట్టు పిండుతున్నారు.

గేటు పక్కనే మనిషికి మించిన ఎత్తులో నలుపు తెలుపు ఫోటో. అరవై ఏళ్ళ పెద్దమనిషి. తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, ఈ లోకంతో నాకేం పని లేదన్నట్టు ఉన్నారు. అంత ప్రశాంతంగా కళ్ళు మూసుకున్నాయన పోయినాయన కాక ఇంకెవరవుతారు? ఫోటో ముందు దీపం లేదు, అగరొత్తి లేదు. నా మనసు చివుక్కుమంది. పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని, ఎక్కి, దండ వేశాను. దిగి, చెప్పులు విడిచి, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని మౌనం మొదలుపెట్టాను.

మౌనంలో ఉండగా వెనక గుసగుసలు వినబడ్డాయి.

"సత్తన్న పోయిండా?"

"ఎప్పుడు? పొద్దుగాల ఫోన్ల మాట్లాడిండు గదరా."

"దండ ఏసిన్రు చూడు. ఆమె వాళ్ళ చుట్టమనుకుంట."

ఓరకంట చూస్తే నల్ల టీషర్టులన్నీ టోపీలు తీసి నా వెనక తలలు వంచుకుని నిలబడ్డాయి. లోపల గిటారు కూడా ఆగిపోయింది. నగరం వాళ్ళకి కూడా సంస్కారం నేర్పానని నాకు చెప్పలేనంత తృప్తి.

ఇంతలో నా భుజం పక్కనుంచి ఒక పెద్దాయన గొంతు మెల్లగా వినిపించింది. "ఎవరు పోయిన్రమ్మా?"

"ఈయనేనండీ" అన్నాను, కళ్ళు తెరవకుండా.

"అయ్యో. మంచోడేనా?"

"చాలా."

"నీకు ఎరుకనా?"

ఇక్కడ ఆగి ఉండాల్సింది. కానీ వారం పొడుగునా మాటలు దాచుకున్న గొంతు ఆగుతుందా. "మా కుటుంబానికి బాగా కావలసినవారండీ. నన్ను చిన్నప్పుడు ఎత్తుకునేవారు."

"గట్లనా" అన్నాడాయన, కాస్త బాధగా. "నాకేం యాదికి లేదు బిడ్డా."

కళ్ళు తెరిచాను. ఫోటోలోని మొహమే చొక్కా తొడుక్కుని నా పక్కన నిలబడి ఉంది. ఒక్క తేడా, ఈ మొహానికి కళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

అరుద్దామంటే నోట్లోంచి గాలి మాత్రమే వచ్చింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు గానీ, దండ వేయనేల, దండం పెట్టనేల అని ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బావుండేది. ఆటో దగ్గర వెనకబడిన ఆయన భార్య అప్పుడే వచ్చింది. ఫోటో చూసింది. దండ చూసింది. టోపీలు తీసిన జనాన్ని చూసింది. చేతిలో సంచి కింద పెట్టి కుర్చీలో కూలబడింది.

"గీ దండ ఎవరు ఏసిన్రు?"

జనమంతా రెండుగా చీలి నా వైపు దారి చూపించారు.

కచేరీ నిర్వాహకుడు, పాటగాడు ప్రకాశ్ లోపల్నుంచి పరిగెత్తుకొచ్చాడు. అప్పుడుగానీ నాకు అసలు సంగతి అర్థం కాలేదు. నర్సింగ్ సినిమా పాటల రికార్డింగుల్లో గిటారు వాయించిన మనిషి. పొట్టకూటికి ఆ పాటలు, ప్రాణానికి రాక్ అండ్ రోల్. ఆయన పేరు మీద ఇవాళ పాటల కచేరీయే తప్ప ఉపన్యాసాలు లేవు. ఈ ఫోటో ఆయనది కాదు, ముప్పై ఏళ్ళు ఆయన పక్కన డ్రమ్స్ వాయించిన సత్తయ్యది. గుండె ఆపరేషను తరవాత సత్తయ్య మళ్ళీ కర్రలు పట్టుకుంటున్నది ఇవాళే. అందుకని అంత పెద్ద ఫోటో. భార్య అంజమ్మ మొదట్నుంచీ వద్దంటూనే ఉందట.

ప్రకాశ్ నా దండ పక్కకి జరిపి, దాని వెనక దాక్కున్న అక్షరాలు చూపించాడు. "చదువుకున్నదానివి గద మేడం. గింత పెద్దగ రాసినం. 'సత్తి, లైవ్' అని."

ఆయన లైవ్ అని రాసి మరీ పెట్టిన చోట నేను దండ వేశాను.

"ఇంటికి నడువు" అంది అంజమ్మ భర్తతో. "నేను అప్పుడే జెప్పిన. ఇది మంచి శకునం గాదు."

"వదినా, డ్రమ్స్ లేకుంటే ప్రోగ్రామే లేదు. నర్సింగన్న కోసం" అని ప్రకాశ్ బతిమాలాడు.

"నర్సన్న పోయిండు. ఉన్నోడు నాకు గావాలె."

సత్తయ్య చేతిలో కర్రలు అటూ ఇటూ తిప్పుకుంటూ లోపల ఖాళీగా ఉన్న వేదికకేసి చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. సోమవారం కోసం నేను గోడకేసి చూసే చూపు అది.

"పిన్నిగారూ" అన్నాను. "తప్పంతా నాదండీ. బాబాయిగారు నాకు తెలీదు. నర్సింగ్ గారు కూడా తెలీదు. అసలు ఈ ఊళ్ళో నాకెవరూ తెలీదు. ఆదివారం ఒక్కదాన్నీ గదిలో ఉండలేక వచ్చాను. పదిమంది ఉంటారని." ఆ తరవాత ఏడ్చేశాను. తెల్ల చీర కట్టుకుని ఉన్నాను కదా, ఏడుపు మాత్రం సందర్భానికి చక్కగా సరిపోయింది.

అంజమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. తిడుతుందనుకున్నాను.

"తిన్నవా?" అంది.

"పొద్దున తిన్నానండీ."

"పొద్దున తింటె ఇప్పటిదాంక ఉంటదా." లేచి సంచి అందుకుంది. "సరె. ఆయనను కొట్టనిస్త. గని దండ ఏసిన చెయ్యే కాపలా గాయాలె. నువ్వు నా పక్కన కూసో. ఆయన మీదికెల్లి కన్ను తియ్యకు. ఆయనకేమన్న అయితే నిన్ను అడుగుత."

దండ వేదిక పక్కనున్న నర్సింగ్ అసలు ఫోటోకి చేరింది. నేను మొదటి వరసలో అంజమ్మ పక్కకి చేరాను. రాక్ అండ్ రోల్ ఎలా ఉంటుందో నన్నడక్కండి. నేను వినలేదు, కాపలా కాశాను. సత్తయ్యకి వాయించేటప్పుడు కళ్ళు మూసుకుని తల వెనక్కి వాల్చే అలవాటు. ఆయన వాల్చినప్పుడల్లా నా ప్రాణం పోయేది. "బాబాయిగారూ" అని కేకేసి లేచి నిలబడేదాన్ని. నేను లేవగానే వెనకవాళ్ళంతా ఇది పాటలో భాగమనుకుని లేచేవారు, వాళ్ళూ "బాబాయిగారూ" అని అరిచేవారు. సగం కచేరీ అయ్యేసరికి మైదానమంతా నాతో లేచి నాతో కూర్చుంటోంది. మధ్య మధ్య అంజమ్మ టిఫిను డబ్బాలోంచి పులిహోర తీసి నా అరచేతిలో పెట్టేది. "కన్ను అక్కడ, నోరు ఇక్కడ" అనేది.

చివరి పాట నర్సింగ్ కట్టిన పాటట. వేదిక మధ్యలో కుర్చీ మీద ఆయన గిటారు పెట్టారు. పాట నడుస్తూ నడుస్తూ గిటారు ఒంటరిగా వాయించాల్సిన చోటికి వచ్చింది. అక్కడ అందరూ ఆగిపోయారు. సత్తయ్య ఒక్కడే కర్రతో సన్నగా తాళం వేస్తూ, ఆ కుర్చీకేసి తిరిగి, పాత స్నేహితుడు ముగించేదాకా ఆగినట్టు ఆగాడు. ఆ ఖాళీని ఎవరూ పూరించలేదు. నేను కూడా లేవలేదు. అంజమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ ఊరు వచ్చాక నా చెయ్యి ఒకరు పట్టుకోవడం అదే మొదటిసారని అప్పుడు తట్టింది.

వెళ్ళేటప్పుడు అంజమ్మ తీర్పు చెప్పింది. "దండ దోషం ఒక్క పూటల పోదు. ఆదివారం ఆదివారం బోరబండల మా ఇంటికొచ్చి ఆయన బతికున్నడని నీ కండ్లతోని చూసి పోవాలె."

శిక్ష పడిన ఖైదీ ఇంత ఆనందంగా తల ఊపడం ఏ కోర్టూ చూసి ఉండదు. మరుసటి ఆదివారం గుట్ట మీద వాళ్ళ రెండు గదుల ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. సత్తయ్య తలుపు తీసి, "ఉన్న బిడ్డా, ఇంకా ఉన్న. లోపలికి రా" అన్నాడు. ఆ వారం కోడికూర. పై వారం తలకాయ కూర. ఒకసారి వాళ్ళిద్దరి పోట్లాటకి నన్ను సాక్షిగా పెట్టారు. శుక్రవారం ఆఫీసులో "వీకెండ్ ఏం చేస్తున్నావ్" అని ఎవరైనా అడిగితే "కొంచెం బిజీ" అనడం కూడా నేర్చుకున్నాను.

కొన్నాళ్ళకి ఒక ఆదివారం అంజమ్మ అన్నం వడ్డిస్తూ ఆప్యాయంగా అంది. "డాక్టరు గుండె మంచిగున్నదన్నడు బిడ్డా. దోషం పోయింది. ఇంక నువ్వు వారం వారం గింత దూరం తిప్పల పడకు."

ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ ఆ గది, ఆ గోడ, ఒక పప్పు, ఒక వేపుడు. బుర్ర పనిచేయలేదు, నోరు పనిచేసింది.

"పిన్నిగారూ, రాత్రి నాకో కలొచ్చిందండీ. బాబాయిగారి ఫోటో, దానికి మళ్ళీ దండ..."

అంజమ్మ గరిటె కింద పెట్టి గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో దేవుడా. అయితే ఇంకో రెండు నెలలు రావాలె."

లోపలి గదిలో దిండు మీద కర్రలతో సాధన చేసుకుంటున్న సత్తయ్య చప్పుడు ఆపాడు.

"అంజమ్మా, ఆ పిల్లకు ఎప్పటికీ ఆదివారం బువ్వ ఈడనే అని సక్కగ చెప్పరాదే. లేకుంటె బువ్వ కోసం వారం వారం నన్ను చంపుతది."

అప్పుడే, ఆ అన్నం కంచం సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. బతికున్నవారి ఫోటోకు ఇక ఈ జన్మలో దండ వెయ్యను. కలలో కూడా వెయ్యను. రాని కలలో అసలే వెయ్యను.