వాసన చూసే డాక్టరమ్మ

హూడిలో మా పాపను చూసిన పిల్లల డాక్టరమ్మకు స్టెతస్కోపు కన్నా ముందు ముక్కు పనిచేసేది. ఆవిడ పుట్టి పెరిగింది దగ్గర్లోని వర్తూరులో. మాటలో అక్కడి కన్నడం కలిసిన పాత తెలుగు అలాగే ఉండేది.

ఆరేళ్ళకే పాప ఛాతీ మీద చిన్న గడ్డలు కనిపిస్తే, అప్పుడే పెద్దమనిషి అయిపోతుందేమోనని భయపడి వెళ్ళాను. ఆవిడ రక్తపరీక్ష, స్కానింగు రిపోర్టులు చూసి, "ఇవన్నీ బాగుండాయి" అని పక్కన పెట్టారు. తర్వాత పాపను దగ్గరికి తీసుకుని, కళ్ళు మూసుకుని జుట్టు వాసన చూశారు.

"తలకి ఏం పూస్తా ఉండావమ్మా?"

"లావెండర్ నూనె డాక్టర్. నాచురల్ అని ఆన్‌లైన్‌లో తెప్పించాను."

"కొన్ని వాసన నూనెలు ఒంట్లో ఆడ హార్మోను మాదిరి పనిచేస్తాయని అనుమానం ఉండాది. సుమ్నే, ఊరికే భయపడొద్దు. ఆపి చూద్దాం."

ఆ నూనెతో పాటు సెంటు సబ్బు, పౌడరు కూడా మానేశాం. వానాకాలం వెళ్ళేసరికి గడ్డలు కరిగిపోయాయి. మళ్ళీ వెళ్ళినప్పుడు అడిగాను.

"అయితే అది నూనె వల్లేనా డాక్టర్?"

"తెలీదమ్మా. కొందరికి వాటంతట అవే తగ్గిపోతాయి."

తెలుసుకోవాలన్న ఆరాటం నాకన్నా ఆవిడకే ఎక్కువగా ఉన్నట్టనిపించింది.

"రూఢిగా తెలియాలంటే మళ్ళీ అదే నూనె పూసి చూడాల. పూస్తావా?"

పాప ఆవిడ బల్ల మీది బొమ్మతో ఆడుకుంటోంది. నేను తల అడ్డంగా ఊపాను.

"నేనైనా పూయను," అన్నారు ఆవిడ. "ఈ ఒక్కటీ తెలీకుండానే ఉండనీలేమ్మా."