వెంట్రుకలు రాలని కుక్క

మా అక్క ఇంట్లోకి కుక్క రాకూడదన్నది నలభై ఏళ్లనాటి చట్టం. బావగారు పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన రోజుల నుంచీ అమల్లో ఉంది. అక్కకు కుక్కలంటే ద్వేషం లేదు. గేటు దగ్గర పడుకునే వీధికుక్కకు రోజూ మధ్యాహ్నం పెరుగన్నం పెట్టేది. అది గడప మాత్రం దాటకూడదు. ఇంట్లో మడి ఉంది, వంటింట్లోనే దేవుడి అర ఉంది, అన్నంలో వెంట్రుక కనిపిస్తే ఆ గిన్నె మొత్తం పక్కన పెట్టేసే అలవాటు ఉంది. మూడు తరాలుగా మద్రాసులో ఉంటూ, వీధిలో తమిళం మాట్లాడి ఇంట్లో తెలుగులో దెబ్బలాడుకునే మాలాంటి వాళ్ల ఇళ్లలో ఈ పట్టింపులు ఇంకా పోలేదు.

ఆ చట్టం మారడానికి కారణం నేను.

అక్క కోడలికి చిన్నప్పటి నుంచీ కుక్కలంటే ప్రాణం. పెళ్లయి వచ్చిన ఆరేళ్లలో అత్తగారిని అడగని నెల లేదు. ఒకరోజు ఫోన్‌లో ఏదో చూసి, వెంట్రుకలు రాలని కుక్కలు కూడా ఉన్నాయని చెప్పింది. తల్లి ల్యాబ్రడార్, తండ్రి బొచ్చు రాలని పూడిల్. ఆ రెండు జాతులనూ కలిపి పుట్టిస్తారు, పేర్లు కూడా కలిపేసి ల్యాబ్రడూడిల్ అంటారు. అక్క నమ్మలేదు. ఫోన్‌లో ఎవడైనా ఏమైనా రాస్తాడు, పేపర్లో వస్తే అప్పుడు చూద్దాం అంది.

పేపర్లో వచ్చింది. దినపత్రిక డెస్కులో ముప్పై ఐదేళ్లు చేసి రిటైరయ్యాక, ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి ఇంటి నుంచే పేజీలు దిద్దిపెట్టేవాణ్ణి. ఒక వారం, ఎన్నూరు దారిలో ఇలాంటి సంకరజాతి కుక్కలను పుట్టించి అమ్మే ఒకతని గురించి విలేకరి ఒక ముక్క పంపాడు. గిరజాల బొచ్చు పిల్లను ఎత్తుకుని అతను నవ్వుతున్న ఫోటో కూడా ఉంది. చివరి వాక్యం ఇది: ఈ కుక్కల వెంట్రుకలు రాలవని, ఇల్లు శుభ్రంగా ఉంటుందని పెంపకందారు చెబుతున్నారు. పేజీలో రెండు లైన్లు ఎక్కువయ్యాయి. డెస్కులో కుర్రవాళ్లకు మొదటి రోజు నేర్పేది ఒకటే, నువ్వు చూడని సంగతిని చెప్పినవాడి నోట్లోనే ఉంచు అని. ఆ పాఠాన్ని కొన్ని వందల మందికి నేనే చెప్పి ఉంటాను. ఆ రోజు ఆ 'చెబుతున్నారు'ను నేనే కత్తిరించాను. ఈ కుక్కల వెంట్రుకలు రాలవు. ఇల్లు శుభ్రంగా ఉంటుంది. పేజీ సరిపోయింది.

ఆదివారం పొద్దున ఏడింటికే అక్క ఫోన్ చేసింది.

"ఒరే, ఈ కుక్కల సంగతి నువ్వు చూసినదేనా?"

"నేను దిద్దిందే."

"నిజమేనా అని అడగతా ఉండా."

"అబద్ధమైతే పేపర్లో వేస్తామా అక్కా?" అన్నాను.

ఆ మాట తలుచుకున్నప్పుడల్లా నా చెంప నేను వాయించుకోవాలనిపిస్తుంది.

పదిహేను రోజుల్లో అతని దగ్గర నుంచే కుక్కపిల్ల వచ్చింది. లేత గోధుమరంగు, ఆడది. వయసు రెండు నెలలని చెప్పి ఇచ్చాడు. పశువుల డాక్టరు పళ్లు చూసి, అయిదు వారాలకు మించి లేదు, తల్లి దగ్గర నుంచి ఇంత తొందరగా ఎందుకు లాగారు అని కోడలిని మందలించాడు. ఎందుకంటే ఆ వయసులోనే అది బొమ్మలా ఉంటుంది. ఇంకో నెల ఆగితే కాళ్లు సాగుతాయి, ముద్దు తగ్గుతుంది, కొనేవాడు బేరమాడతాడు. ఇది నాకు తరవాత తెలిసింది.

మొదటి నెలలు బాగానే గడిచాయి. వంటింటి గుమ్మం దగ్గర అక్క ఒక పీట అడ్డం పెట్టింది. పిల్ల ఆ పీట మీద గడ్డం ఆనించి, ఆమె కూర తరుగుతుంటే చూస్తూ పడుకునేది. "పావంరా, అరవదు కూడా" అని నాకు ఫోన్‌లో చెప్పింది. అరవని కుక్కను చూసి, దాన్ని ఎలాంటి చోట పెంచారోనని నాకైనా అనుమానం రావలసింది.

ఎనిమిదో నెలలో పసిబొచ్చు పోయి కొత్త బొచ్చు వచ్చింది. అది రాలడం మొదలైంది. చీపురుకు, పరుపులకు, పూజ బట్టలకు అన్నిటికీ వెంట్రుకలే. కోడలు రోజూ ఆఫీసుకు వెళ్లే ముందు అరగంట బాల్కనీలో కూర్చుని దువ్వేది. డాక్టరును అడిగితే, తల్లి పోలిక వస్తుందో తండ్రి పోలిక వస్తుందో ఎవరు చెప్పగలరు, ఒకే కాన్పులో పుట్టిన పిల్లల్లోనే తేడాలుంటాయి, రాలదని హామీ ఇచ్చినవాడు మిమ్మల్ని మోసం చేశాడు అన్నాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. దాని వెనక తుంటి కీళ్లు సరిగా ఏర్పడలేదు. మెట్లు ఎక్కనివ్వకండి, బరువు పెరగనివ్వకండి, జీవితమంతా జాగ్రత్తగా చూసుకోవాలి అని.

ఆ తరవాత బావగారి తద్దినం వచ్చింది. కుక్కను ముందురోజే కోడలి స్నేహితురాలింట్లో వదిలారు. ఇల్లంతా రెండుసార్లు కడిగారు. వంటావిడ తడిబట్టతో మడి కట్టుకుని వండింది. భోక్తలు కూర్చున్నారు. నేను వడ్డనకు నెయ్యిగిన్నె పట్టుకుని నిలబడ్డాను. వారిలో పెద్దాయన గారె తుంచి, చెయ్యి ఆపేశారు. గారెలోంచి ఒక వెంట్రుక, లేత గోధుమరంగుది, మెలిక తిరిగి బయటికి వచ్చింది. విస్తరి వైపు చూస్తూ అలాగే కూర్చున్నారు. అక్క గుమ్మంలో నిలబడి చూసింది. ఏడాదికి ఒక్క రోజు భర్తకు పెట్టే అన్నం అది.

వంట మళ్లీ మొదలుపెట్టి, పూర్తయ్యేసరికి సాయంత్రం నాలుగైంది. అందరూ వెళ్లాక అక్క ఒకే మాట చెప్పింది, కుక్క ఈ ఇంట్లో ఉండదని.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే ఒక్క మాట కూడా వాదించలేదు. తీసుకురండి, మొన్నటి ఈతలో మగపిల్లను ఇస్తాను, ఈసారి రాలదు అన్నాడట. ఎంత సులువుగా ఒప్పుకున్నాడో చూడు, మంచివాడే అంది అక్క. కోడలు ఏడ్చింది, అన్నం మానేసింది, రానంది. నాతో మాత్రం బయటికి వచ్చి చెప్పింది. "మిక్సీ అయితే మార్చుకోవచ్చు మామయ్యా. దీన్ని ఆయన తీసుకుని ఏం చేస్తాడో మీరు అడిగినారా?"

నేను అడగలేదు. ముప్పై ఐదేళ్లు అడగడమే నా ఉద్యోగం.

ఆదివారం పొద్దున అక్కా, నేనూ, కుక్కా ఆటోలో బయలుదేరాం. లారీల వెనక లారీలు, బొగ్గు దుమ్ము. కుక్క వణుకుతూ అక్క కాళ్ల మధ్య దూరింది. అక్క మొదట కాళ్లు పక్కకు తీసుకుంది. తిరువొత్తియూరు దాటాక చెయ్యి దాని తల మీద వేసింది.

పేపర్లో వేసిన ఫోటోలో అతను నిలబడింది ఇంటి ముందున్న గడ్డి మీద. కుక్కలుండేది వెనక, రేకుల కొట్టంలో. పైన రేకులు, కింద తీగల జాలీ, మల మూత్రాలు కిందికి పడిపోవడానికి. కడగడం సులభమని అతనే గొప్పగా చెప్పాడు. నలభై ఏళ్లుంటాయి, మర్యాదస్తుడు. మేము తెలుగని తెలిసి, "మేమూ తెలుగే సార్, మా తాత కాలంలో నెల్లూరి తట్టు నుంచి వచ్చినాము" అని కుర్చీలు వేశాడు. నేను కూర్చోలేదు. గోడ మీద నేను దిద్దిన ముక్క కనిపించింది. పత్రిక పేరుతో సహా కత్తిరించి, ప్లాస్టిక్ అతికించి, చివరి రెండు వాక్యాల కింద ఎర్ర సిరాతో గీత గీశాడు. వచ్చినవాళ్లందరికీ మొదట అది చూపిస్తాడట. అది తప్పు, తీసెయ్యి అన్నాను.

"నేను రాసినానా సార్? నేను నోటితో చెప్పినా, అంతే. రాసింది పేపరోళ్లు" అన్నాడు.

కుక్కలను పెంచి అమ్మడానికి రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగాను. అప్లై చేసినాను సార్ అన్నాడు. ఎప్పుడు అంటే నవ్వాడు.

ఈలోగా అక్క కొట్టంలోకి వెళ్లింది. ఆమె ఎందుకు వెళ్లిందో నాకు తెలియదు. మూడో బోనులో మా కుక్క తల్లి ఉంది. చెప్పనక్కరలేదు, అదే ముఖం. ల్యాబ్రడార్ అని ఎవరూ అనుకోరు, పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. చన్నులు సాగి జాలీకి ఆనుతున్నాయి. గోళ్లు పెరిగి వంకర తిరిగాయి. మనుషులను చూసి లేవబోయింది, వెనక కాళ్లు మడతపడి కూలబడింది. మళ్లీ లేవబోయింది. మా కుక్క కూడా మెట్ల దగ్గర సరిగ్గా అలాగే కూలబడుతుంది.

"ఎన్ని కాన్పులు నాయనా దీనికి?" అని అడిగింది అక్క.

"ఆరో, ఏడో అమ్మా. మంచి జాతి. వదలకుండా చూలు కట్టేస్తాది."

"నడుమ ఎంత ఎడం ఇస్తావు?"

"ఎడమెందుకమ్మా? హీట్ వస్తే మగదాని దగ్గర పెట్టేదే."

"నీ పెండ్లానికీ అంతేనా?"

అతను నవ్వేసి, నా వైపు చూశాడు. పెద్దావిడ, పోనీలెండి అన్నట్టు. నేను నవ్వలేదు. మేము తెచ్చినదాన్ని ఏం చేస్తావు అని అప్పుడు అడిగాను, ఇంట్లో అడగవలసిన ప్రశ్న. ఆడది కదా సార్, దీని తల్లి పని అయిపోవచ్చింది, దాని జాగాలో ఇది అన్నాడు. దాచాలని కూడా అతనికి తోచలేదు. అందుకే ఫోన్‌లో అంత సులువుగా ఒప్పుకున్నాడు. దాని తుంటి కీళ్లు బాగాలేవు, పిల్లలకూ వస్తుంది, డాక్టరు చెప్పాడు అన్నాను.

"ఈనేదానికి తుంటితో ఏం పని సార్? దానికి ఉరకాల్నా, పరిగెత్తాల్నా?"

ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. అయితే కోపం అతనితో ఆగదు. అతన్ని పోషించేది మేము. మాకు కుక్క కావాలి, వెంట్రుక రాలకూడదు, మొరగకూడదు, వాసన రాకూడదు, ఫోటోలో బొమ్మలా పడాలి. ఇంటి గేటు దగ్గర పదేళ్లుగా కాపలా కాసిన కుక్క మాకు కుక్క కాదు. మా మడికి సరిపోయే జంతువును పుట్టించి ఇమ్మన్నాం. ఆ జంతువు ఎక్కడి నుంచి వస్తుందో, జాలీ మీద ఎవరు పడుకుంటే వస్తుందో చూడలేదు. చూడనిదాన్ని నిజమని అచ్చువేసిన పెద్దమనిషిని నేను.

అతను మగపిల్లను తెచ్చి అక్క చేతికి ఇవ్వబోయాడు. కళ్లు సరిగా తెరవని ముద్ద. రెండో చేత్తో మా కుక్క గొలుసు అందుకున్నాడు. కుక్క ముందు కాళ్లు నేలకు తన్నిపెట్టి కూర్చుంది. అక్క పిల్లను ముట్టుకోలేదు. అతని చేతిలోంచి గొలుసు లాక్కుంది.

"ఇది మా ఇంటిది. ఈడ ఇడిచిపెట్టి పోను. నడవరా" అంది నాతో.

"ఇంట్లో ఎట్లా అక్కా?" అన్నాను. సిగ్గులేని ప్రశ్న.

"వంటిల్లు నాది. ఎట్లో నేను చూసుకుంటా. నువ్వు దాని కాళ్లు పట్టుకో."

కుక్క ఆటో ఎక్కలేకపోయింది. డెబ్బై ఏళ్ల మనిషి ముందు భాగం ఎత్తింది, నేను వెనక భాగం. తల్లిని కూడా ఇస్తావా అని ఎక్కేముందు అక్క అతన్ని అడిగింది. ఇంకా ఒక ఈత ఉందమ్మా, అప్పుడు చూద్దాం అన్నాడు.

ఇంటికి వచ్చాక ప్రభుత్వ పశుసంవర్ధక శాఖకు ఫిర్యాదు రాశాను. అందినట్టు ఒక రసీదు వచ్చింది. పత్రికకు సవరణ పంపాను. ఇన్ని నెలల తరవాత ఎవరికి గుర్తుంటుంది సార్, అయినా కుక్కల ముక్కకు సవరణ ఏమిటి అన్నారు. ఇద్దరు ముగ్గురు నన్ను ఓదార్చారు కూడా. పేజీలు దిద్దడం మానేశాను.

నాలుగు నెలలు ఆగి, గొంతు మార్చి, కొనేవాడిలా తమిళంలో అతనికి ఫోన్ చేశాను. పిల్లలు సిద్ధంగా ఉన్నాయి, వెంట్రుకలు రాలవు, పేపర్లో కూడా వచ్చింది అన్నాడు. ఇదివరకు ఒకసారి వచ్చి చూశాను, తల్లి ల్యాబ్రడార్, మూడో బోనులో ఉండేది, దాని పిల్లలేనా అని అడిగాను. అది పోయింది సార్, కాన్పు కష్టమై, ఇది వేరేది, ఇంకా బాగుంటుంది అన్నాడు.

అక్కకు చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది, కుక్క వెనక కాళ్లకు ఆముదం రాస్తూ. విని, చేతులు తుడుచుకుంది. లేచి వెళ్లి, అయినవాళ్లు పోయారని కబురు వచ్చినప్పుడు చేసినట్టు, తలమీద నుంచి నీళ్లు పోసుకుని వచ్చింది.