వదిన రాసిన రద్దు క్లాసు

మా వదిన మంగళవారం పొద్దున గుండె ఆగి చనిపోయింది. చావు జరిగితే భవాని పేట్‌లోని మా తెలుగువాళ్ల గల్లీలో మరమగ్గాలు ఆపుతారు. ఆ రోజు మూడిళ్లలో ఆపలేదు. ఆ మూడిళ్లవాళ్లకూ కారణం ఉంది.

ఆమె బీడీలు చుడుతూ కంప్యూటర్ కోర్సు చదివింది. ఆలోచనలో పడితే చేతికి దొరికిన కాగితాన్ని చుట్టి, బీడీ మూతి మడిచినట్టు కొస మడిచేది. ఓ చిన్న కంపెనీలో వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ పని. ఊరి బయట కుంభారి వైపు కట్టిన కార్మికుల సర్కారు ఇళ్లకు దరఖాస్తులు తీసుకునే వెబ్‌సైట్ ఆమే రాసింది.

ఆ పని నాకు ఇలా చెప్పింది: "వెబ్‌సైట్‌ను ఒక్కొక్కరు ఒక్కోటి అడుగుతరు. ఏ అడుగుడుకు ఆ క్లాసే, అంటే ఆ ఒక్క పని చేసే కోడ్ ముక్క. దరఖాస్తు తీసుకునేది ఒకటి, రద్దు చేసేది ఇంకొకటి. ఒకదాని పనిల ఇంకొకటి ఏలు పెట్టది." వాటిని యాక్షన్ క్లాసులంటారట. "మనింట్ల గూడ గిట్లనే ఉంటే మంచిగుండు" అని మా అమ్మ వైపు చూసి నవ్వింది.

ఇల్లు మంజూరైనవాళ్లకు ఇక్కడి సర్కారు భాష మరాఠీలో మెసేజ్ వెళ్లింది. వద్దనుకుంటే రద్దు చేసుకోవడానికి కింద ఒక లింకు. మా గల్లీ ఆడవాళ్లందరూ మరాఠీ మాట్లాడతారు, చదవగలిగినవాళ్లు తక్కువ. చదివి చెప్పమని కొందరు ఆ మెసేజ్‌ను తెలిసినవాళ్లకు పంపారు. లింకులో ఏముందో ముందే చూపించడానికి మెసేజ్ యాప్ దాన్ని తనంతట తాను తెరిచింది. తెరవగానే రద్దు క్లాసు తన పని చేసేసింది. ఎవరూ ఏమీ నొక్కలేదు. లింకు తెరిస్తే 'నిజంగా వద్దా?' అని అడగాలి, బటన్ నొక్కాకే రద్దు చేయాలి. వదిన ఆ ప్రశ్న పెట్టలేదు.

తప్పు ఎవరిదని వదినను పేపరు విలేకరిగా అడిగాను.

"నాదే. రాసుకో మరిదీ. నా చేతితోటి రాసిన."

రాశాను. ఆమె నాకు వదిన అవుతుందనీ రాశాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో, అడిగిన మొదటిసారికే తప్పు ఒప్పుకున్న మనిషిని ఆమెనొక్కదాన్నే చూశాను. వారంలో ఆమె ఉద్యోగం పోయింది.

మా గల్లీలో ఇల్లు పోయిన ముగ్గురిలో ఒకరైన ఎదురింటి అత్త రోజూ మా వాకిట్లోకి వచ్చేది. "ఏమమ్మా ఇంజనీరమ్మా, సదువురానిదానికి ఇల్లెందుకని గుంజుకున్నవా?"

"తప్పైంది అత్తా."

"తప్పైందంటే నా నెత్తి మీద కప్పు అయితదా?"

ఉద్యోగం పోకముందే వదిన సర్వర్ రికార్డు తీసి పెట్టుకుంది. ఏ రద్దు మనిషి చేసిందో, ఏది యాప్ చేసిందో అందులో ఉంది. యాప్ రద్దు చేసినవాళ్ల పేర్లు వేరు చేసి, ఆ జాబితాతో ఇళ్లు మంజూరు చేసే ఆఫీసు మెట్లు ఎక్కుతూనే ఉంది. అత్త పేరు అందులో మొదటిది. ఆఖరుసారి వెళ్లినప్పుడు గుమాస్తా జాబితా చదవలేదు. ఇళ్లు వేరేవాళ్లకు ఇచ్చేశామన్నాడు. తర్వాతి మంగళవారం ఆమె లేదు.

దినాలయ్యాక ఆ జాబితాతో నేను కుంభారి వెళ్లాను. అత్తకు రావాల్సిన ఇంటి నంబరు వెతికి పట్టుకున్నాను. ఒకామె గడపకు పసుపు రాస్తోంది. ఈ ఇల్లు ఎలా వచ్చిందని అడిగాను.

"ఎవరికో వచ్చిందంటన్నా. ఆళ్లే వద్దన్నరంట." తల ఎత్తకుండానే అంది. "ఇసొంటి ఇల్లు వద్దన్నరంటే ఎంత బలిసినోళ్లో!"

లోపలికి రమ్మంది. పసుపు ఇంకా తడిగా ఉంది. దాన్ని తొక్కకుండా వెనక్కి అడుగేశాను.